73 ఈస్టింగ్: 1,420 మీటర్ల దగ్గర ఏం తేలింది

గల్ఫ్ యుద్ధం, 1991 ఫిబ్రవరి 26, సాయంత్రం 4:20 ప్రాంతం. దక్షిణ ఇరాక్ ఎడారిలో ఇసుక గాలి వీస్తోంది. అమెరికా 2వ ఆర్మర్డ్ కావల్రీ రెజిమెంట్‌కు చెందిన ఈగిల్ ట్రూప్ ఓ చిన్న మిట్ట ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే ఎదురుగా ఇరాకీల టీ-72 ట్యాంకులు. కమాండర్ ట్యాంకులోని గన్నర్ లేజర్ వేసి చూస్తే మొదటిదాని దూరం 1,420 మీటర్లు. తరువాతి 23 నిమిషాల్లో ఆ ఒక్క ట్రూప్ 28 ట్యాంకులను, 16 సైనిక శకటాలను, 30 ట్రక్కులను కాల్చేసింది. తన బండి ఒక్కటీ పోలేదు.

దీనికి మామూలుగా వినిపించే వివరణ ఒకటుంది. అమెరికా ట్యాంకు మూడు వేల మీటర్ల నుంచి కొడుతుంది, ఇరాకీ గన్నరు రెండు వేలు దాటితే గురి కుదరక తడబడతాడు, కాబట్టి అందని దూరం నుంచి కొట్టి గెలిచారు అని. గల్ఫ్ యుద్ధంలో వేరే చోట్ల ఈ మాట చెల్లుతుంది. ఇక్కడ చెల్లదు. 1,420 మీటర్లు టీ-72లోని 125 మి.మీ. ఫిరంగికి సునాయాసంగా అందే దూరం. ఇంకా చెప్పాలంటే ఇరాకీ కమాండర్ కోరి ఎంచుకున్న దూరం. ఉచ్చు పన్నింది అతను, చిక్కిందీ అతనే. ఎందుకలా జరిగిందో తెలియాలంటే ఆ 23 నిమిషాల మీద కన్నా అంతకు ముందరి రెండు రోజుల మీద, మొదటి పది సెకన్ల మీద ఎక్కువ దృష్టి పెట్టాలి.

గీత పేరే ఊరి పేరు

ఈ యుద్ధభూమికి పేరు లేదు. చెప్పుకోదగ్గ ఊరు లేదు, వాగు పేరు లేదు, కొండ అసలే లేదు. సైనిక పటం మీద ఉత్తర దక్షిణాలుగా కిలోమీటరుకొకటి చొప్పున గీసే నిలువు గీతల్లో 73 నంబరు గీత ఇది. అలాంటి గీతను ఈస్టింగ్ అంటారు. 60 ఈస్టింగ్ నుంచి 70 ఈస్టింగ్‌కు వెళ్లడమంటే తూర్పుకు పది కిలోమీటర్లు జరగడం, అంతే. ఆనవాలు పట్టడానికి ఏమీ లేని నేల మీద ఓ రెజిమెంటు మొత్తాన్ని ఒక వరుసలో నడపడానికి ఇంతకన్నా తేలికైన పద్ధతి లేదు.

ఈ పద్ధతి నడవాలంటే ప్రతి కమాండరుకూ తానెక్కడున్నాడో కచ్చితంగా తెలియాలి. జీపీఎస్ ఉపగ్రహాల వరుస అప్పటికి పూర్తి కాలేదు. రోజులో కొన్ని సమయాల్లో తగినన్ని ఉపగ్రహాలు కనిపించేవి కావు. రిసీవర్లు బండికొకటి చొప్పున కూడా రాలేదు. రేడియో సంకేతాలతో స్థానం చెప్పే లోరాన్ పరికరాలనూ పక్కన పెట్టుకుని సర్దుకున్నారు. అయినా అది చాలింది. దారీ తెన్నూ లేని ఎడారిలో ఇంత పెద్ద దళం రోడ్డు వదిలేసి నేరుగా రాగలదని ఇరాకీలు ఊహించలేదు.

అమెరికా సైన్యంలో అనేక డివిజన్లు కలిసిన ఏడో కోర్‌కు లెఫ్టినెంట్ జనరల్ ఫ్రెడరిక్ ఫ్రాంక్స్ అధిపతి. కోర్‌కు ముందు నడిచి శత్రువు జాడ తీసే పని కర్నల్ డాన్ హోల్డర్ నాయకత్వంలోని 2వ రెజిమెంటుది. ఎదుట ఉన్నది ఇరాక్ మేటి దళమైన రిపబ్లికన్ గార్డ్‌లోని తవకల్నా డివిజన్, దానితో పాటు 12వ ఆర్మర్డ్ డివిజన్‌కు చెందిన దళాలు. రెజిమెంటుకు ఇచ్చిన ఆజ్ఞ సూటిగా ఉంది: గార్డ్‌ను వెతికి పట్టుకో, కదలనివ్వకు, కానీ వెనక్కి రాలేనంతగా ఇరుక్కోకు. అసలు దెబ్బ కొట్టడానికి వెనక 1వ ఇన్‌ఫెంట్రీ డివిజన్ వస్తోంది.

ఒక కావల్రీ ట్రూప్‌లో ఏముంటుందో చెప్పుకోకపోతే ముందు సంగతులు అర్థం కావు. నాలుగేసి ఎం1ఏ1 ట్యాంకులతో రెండు ప్లటూన్లు, ఆరేసి ఎం3 బ్రాడ్లీ శకటాలతో రెండు స్కౌట్ (జాడ తీసే) ప్లటూన్లు, కమాండర్‌కు సొంతంగా ఒక ట్యాంకు, 107 మి.మీ. మోర్టార్ బళ్లు రెండు. మొత్తం తొమ్మిది ట్యాంకులు, పన్నెండు బ్రాడ్లీలు. మనుషులు సుమారు 140. ఈగిల్ ట్రూప్ కెప్టెన్ హెచ్.ఆర్. మెక్‌మాస్టర్, ఘోస్ట్ ట్రూప్ కెప్టెన్ జోసెఫ్ సార్టియానో, ఐరన్ ట్రూప్ కెప్టెన్ డాన్ మిల్లర్.

పుస్తకం ప్రకారం సరైన ఉచ్చు

ఇరాకీల రక్షణ వ్యూహాన్ని వెక్కిరించడం సులువు. కానీ పటం మీద చూస్తే అది పద్ధతైన పనే. మిట్ట మీద నిలబడితే దూరం నుంచే కనిపించిపోతారు. అందుకే ట్యాంకులను మిట్టకు అవతలి వాలు మీద, శిఖరానికి ఒకటిన్నర కిలోమీటరు లోపు పెట్టారు. దాడి చేసేవాడు మిట్ట ఎక్కేదాకా వీళ్లు కనిపించరు. ఎక్కిన మరుక్షణం అతని ఆకారం ఆకాశానికి ఎదురుగా నల్లగా తేలుతుంది, ముందుకు ఒరిగేటప్పుడు పైభాగం బయటపడుతుంది. ముందు మందుపాతరలు, వెనక రిజర్వు ట్యాంకులు, పక్కన ఉన్న ఊళ్లో పదాతి దళం, 23 మి.మీ. తుపాకులు. దూరపు షూటింగులో తమది పైచేయి కాదని తెలిసినవాడు దూరాన్ని తగ్గించుకునే ఏర్పాటిది. ఆ బెటాలియన్ కమాండర్ అంతకు ముందు అమెరికాలోని ఫోర్ట్ బెన్నింగ్‌లో అధికారుల కోర్సు చేసినవాడే. పాఠం తెలియక చేసిన తప్పు కాదిది.

తప్పులు అమలులో జరిగాయి. ముఖ్యమైనది కాపలా. వెనక వాలు రక్షణలో ట్యాంకులకు ముందేముందో కనిపించదు. వాటికి కళ్లు మిట్ట మీద ఉండాలి. కనీసం ఇద్దరు మనుషులు, ఒక దుర్భిణి, ఒక ఫీల్డ్ టెలిఫోన్, దాని తీగ. "వస్తున్నారు" అనే ఒక్క మాట రెండు నిమిషాల ముందు వస్తే సిబ్బంది బంకర్లలోంచి ట్యాంకుల్లోకి దూకి, ఇంజను వేసి, టరెట్‌కు (ఫిరంగి ఉండి తిరిగే పైభాగానికి) కరెంటు ఇచ్చి, గురి మిట్ట అంచు మీద పెట్టుకుని కూర్చుంటారు. ఆ మాట రాలేదు. ఇసుక గాలిలో ఎవరూ రారనుకున్నారు. పైగా జనవరి 17 నుంచి 38 రోజుల పాటు విమానాల బాంబులు తిన్న సిబ్బందికి ట్యాంకుకు దూరంగా ఉండటమే ప్రాణరక్షణ అని అలవాటైపోయింది. వైమానిక దాడి చంపిన ట్యాంకుల లెక్క మీద చాలా వాదనలున్నాయి గానీ, నా అంచనాలో అది చేసిన అసలు పని సిబ్బందిని ట్యాంకుల నుంచి విడదీయడం.

గోతుల సంగతి ఆ తరువాతిది. ట్యాంకును సరిగా దాచాలంటే మట్టం కన్నా కిందికి తవ్వి, లోపలికి దింపాలి. టరెట్ పైభాగం, ఫిరంగి తప్ప ఇంకేదీ బయట కనిపించకూడదు. తవ్విన మట్టిని దూరంగా చెదరగొట్టాలి. తవకల్నా ఏడో కోర్‌కు అడ్డంగా పడమటి ముఖం తిరిగింది ఫిబ్రవరి 24 తరువాతే. తవ్వడానికి వ్యవధి లేదు. బుల్డోజరుతో ఇసుకను ముందుకు నెట్టి కట్టలా పోసి, దాని వెనక ట్యాంకును నిలిపారు. ఇది ఏ గోతీ లేకపోవడం కన్నా చెడ్డది. సెకనుకు ఒకటిన్నర కిలోమీటరుకు పైగా వేగంతో వచ్చే శూలాన్ని, అంటే కవచం చీల్చే సన్నటి లోహపు గుండును, వదులు ఇసుక ఆపలేదు. గుండు కట్టలోంచి దూసుకొచ్చి ట్యాంకులోకి దిగుతుంది. కింది నుంచి తోడిపోసిన ఇసుక చుట్టూ ఉన్న నేలతో వేడిలో కలవదు కాబట్టి వేడి తేడాను చూపే థర్మల్ సైట్‌లో ఆ కట్టే "ఇక్కడున్నాం" అని చాటుతుంది. కట్ట వెనక నుంచి పక్కకు ఫిరంగి తిప్పడమూ కష్టమే.

గుండ్ల నాసిరకం గురించి వేరే చెప్పాలి. ఇరాకీలకు ఎక్కువగా ఉన్నది 3బీఎం9 వంటి ఉక్కు శూలాలు. సోవియట్ సైన్యం వీటిని 1970ల తొలినాళ్లలోనే పక్కన పెట్టేసింది. 1,400 మీటర్ల దగ్గర కూడా ఎం1ఏ1 ముందు కవచం మీద వాటికి పెద్ద ఆశ లేదు. పక్క నుంచి, వెనక నుంచి తగిలితే వేరే కథ. అందుకే దూరంతో పాటు కోణం కూడా ముఖ్యం. ముందు నుంచి కాక పక్క నుంచి కొట్టేలా ట్యాంకులను సర్ది ఉంటే నాసి గుండ్లకు కూడా పని ఉండేది. ఇరాకీలు పటం మీద ఉన్న రోడ్డు వెంట దాడి వస్తుందని లెక్కవేసి అటు సర్దారు. దాడి రోడ్డు వదిలేసి వచ్చింది.

పది సెకన్లు

మిట్టకు ముందు ఓ చిన్న ఊరు. అక్కడి నుంచి 23 మి.మీ. తుపాకులు, చిన్న ఆయుధాలు పేలాయి. మెక్‌మాస్టర్ తొమ్మిది ట్యాంకులనూ ఒక్కసారిగా హీట్ గుండ్లు కొట్టమన్నాడు. హీట్ అంటే పేలుడు గుండు, గోడలకూ శకటాలకూ పనికొచ్చేది. ఊరి తుపాకులు నోరు మూసుకున్నాయి. తరువాత అతను తీసుకున్న నిర్ణయం చిన్నదిగా కనిపిస్తుంది: అప్పటిదాకా ముందు నడిచిన స్కౌట్ బ్రాడ్లీలను వెనక్కి తీసి, ట్యాంకులను ముందుకు పెట్టి, బాణం మొన ఆకారంలో కదిలాడు. బ్రాడ్లీలకు రెండు పనులు మిగిలాయి, పక్కలు కాయడం, ట్యాంకులు దాటిపోయిన బంకర్లను చూసుకోవడం. కవచం పలచనైన బ్రాడ్లీ ఆ మిట్టను మొదట ఎక్కి ఉంటే ఈ పోరు కథ వేరేలా రాయాల్సి వచ్చేది.

మిట్ట ఎక్కినప్పుడు కమాండర్ ట్యాంకు ఫిరంగిలో ఉన్నది ఊరి మీద కొట్టగా మళ్లీ నింపిన హీట్ గుండు. ట్యాంకు ఎదురైతే కావలసింది సేబో, అంటే శూలం గుండు. కానీ నింపిన గుండును బయటికి తీసి మార్చడం కన్నా కొట్టేయడం వేగం. ట్యాంకు సిబ్బందికి ఇది మొదటి వారం పాఠం: లోపల ఏదుంటే అది ముందు పేల్చు, తరువాత సరైనది నింపు. మొదటి టీ-72 హీట్‌తోనే పేలింది.

అక్కడి నుంచి లోడర్ పని. మోకాలితో మీట నొక్కితే టరెట్ వెనక ఉక్కు తలుపు పక్కకు జరుగుతుంది. అరలోంచి సుమారు 21 కిలోల గుండును లాగి, తిప్పి, ఫిరంగి వెనక భాగంలోకి తోసి, ఫిరంగి వెనక్కి తన్నే దారిలోంచి ఒళ్లు తప్పించి, రక్షణ మీట లేపి "అప్" అని అరవాలి. పరీక్షలో పాసవ్వాలంటే ఏడు సెకన్లు. చెయ్యి తిరిగినవాడు నాలుగైదింట్లో చేస్తాడు. ఈలోగా గన్నర్ తరువాతి లక్ష్యం మీదికి తిప్పి, బొటనవేలితో లేజర్ వేస్తాడు. దూరం, అడ్డగాలి, ట్యాంకు ఒరుగు, మందు ఉష్ణోగ్రత, లక్ష్యం కదలిక అన్నీ కలిపి కంప్యూటర్ ఫిరంగిని సర్దుతుంది. 1,420 మీటర్లు దాటడానికి గుండుకు సెకను కూడా పట్టదు. గుండు గొట్టం మండిపోయే రకం, పేలాక కింది లోహపు అడుగు మాత్రం లోడర్ కాళ్ల దగ్గర పడుతుంది. ఇలా పది సెకన్ల చిల్లరలో ఆ ఒక్క ట్యాంకే మూడు టీ-72లను కొట్టింది. ఎదురుగా ఉన్నవి ఎనిమిది. మిగతా ట్యాంకులు మిట్ట దాటగానే తమ వంతు తీసుకున్నాయి.

అవతలి వైపు గడియారం ఇలా తిరిగింది. ఇరాకీ కమాండర్‌కు మొదట శబ్దం వినబడాలి. తరువాత టరెట్ తిప్పాలి. ఇంజను ఆపి ఉంటే ముందు కరెంటు ఇవ్వాలి. టీ-72లో లోడర్ లేడు. 22 గుండ్ల గుండ్రటి పళ్లెం కింద తిరుగుతుంది, ఫిరంగి ఓ నిర్ణీత కోణానికి లేచి తాళం పడుతుంది, ఎత్తే పీట మొదట గుండును, తరువాత మందును పైకి తెస్తుంది, రెండు విడతలుగా తోస్తుంది. అంతా సవ్యంగా జరిగితే సుమారు ఎనిమిది సెకన్లు. ముందే నింపి ఉంటే మొదటి గుండుకు ఈ ఆలస్యం లేదు. కానీ గురి? ఇసుకలో పగటి అద్దం గుడ్డిది. రాత్రి సైట్ ఇన్‌ఫ్రారెడ్ దీపం వేసి చూసే పాతరకం, దాని చూపు కిలోమీటరు దరిదాపుల్లోనే ఆగిపోతుంది, ఇసుకలో ఇంకా తక్కువ. ఇక్కడ థర్మల్ సైట్ నిర్ణాయకమైంది, కాదనను. కానీ దాని విలువ మూడు కిలోమీటర్ల నుంచి కొట్టడంలో లేదు. కిలోమీటరున్నర దగ్గర ఒకరికి కనిపించి మరొకరికి కనిపించకపోవడంలో ఉంది. కాపలావాడి ఒక్క ఫోన్ కాల్ ఆ తేడాలో చాలా భాగాన్ని మింగేసి ఉండేది. గురి మిట్ట అంచు మీద పెట్టుకుని కూర్చున్నవాడికి వెతికే పనే ఉండదు.

ఎం1ఏ1 కమాండర్‌కు అప్పట్లో విడిగా థర్మల్ సైట్ లేదన్నది చాలామంది మరిచే సంగతి. గన్నర్ చూసేదే కమాండరూ చూస్తాడు. ఒక ట్యాంకుకు ఒకే వేడి కన్ను. కాబట్టి ఎవరు ఏ దిక్కు చూడాలో ముందే పంచుకోకపోతే తొమ్మిది ట్యాంకులూ ఒకే టీ-72ను చూస్తూ పక్కనున్నదాన్ని వదిలేస్తాయి. ఈగిల్ ట్రూప్ తొలి విడతలో ఒకరి లక్ష్యాన్ని మరొకరు రెండోసారి కొట్టకపోవడం జర్మనీలోని శిక్షణ మైదానాల్లో, సిమ్యులేటర్లలో నెలల తరబడి చేసిన సాధన ఫలం.

70 దగ్గర ఆగమంటే

70 ఈస్టింగ్ దగ్గర ఆగాలని ఆజ్ఞ. ట్రూప్ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ రేడియోలో గుర్తుచేశాడు కూడా. మెక్‌మాస్టర్ ఆగలేదు. ఆ గీత దగ్గర ఆగడమంటే ముందు వరుస కాలిపోయి, వెనక రిజర్వు ఇంకా కదలని క్షణంలో వాళ్లకు ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వడం. మందుపాతరల మధ్యలో నిలబడటం కూడా. డ్రైవరు మందుపాతరలను చూసుకుంటూ తప్పించుకుంటూ పోగా, వెనకవాళ్లు ముందు ట్యాంకు గొలుసు జాడల్లోనే నడిచారు. పదాతి కందకాలను దాటుకుని 74 ఈస్టింగ్ దగ్గర ఎత్తు నేలకు చేరేసరికి అక్కడ ఇంకో 18 టీ-72ల దళం. అవి సర్దుకుని ఎదురు తిరిగేలోపే ముగిసింది. అక్కడ ఆగాడు.

ఆజ్ఞ మీరాడని దీన్ని సాహసగాథగా చెబుతారు. నాకది సరైన చదువు అనిపించదు. గీతలు గీసేది పక్క దళాలతో ఒకరినొకరు కొట్టుకోకుండా ఉండటానికి. ఈగిల్ ముందుకు పోయిన కొద్దీ ఉత్తరాన ఉన్న ఘోస్ట్‌తో సందు పెరిగింది. ఆ సందును పూడ్చడానికి అతను వెంటనే స్కౌట్ బ్రాడ్లీలను ఉత్తరానికి పంపాడు. వాళ్లకు అక్కడ మరిన్ని టీ-72లు ఎదురై, బ్రాడ్లీల మీదుండే ట్యాంకు విధ్వంసక టో క్షిపణులతో కొట్టాల్సి వచ్చింది. అంటే గీత దాటడానికి అతను ధర కట్టాడు. గీత దాటాలనుకునే ఏ కమాండరైనా ముందు చూసుకోవాల్సింది, ఆ ధర చెల్లించడానికి చేతిలో బళ్లు ఉన్నాయా అని.

ఘోస్ట్: అంత తేలిక కాని చోటు

ఈగిల్ కథ చదివి "23 నిమిషాల్లో అయిపోయింది" అనుకునేవారు ఘోస్ట్ ట్రూప్ సంగతి చదవాలి. రెజిమెంటు ఉత్తరపు అంచు మీద ఉన్న ఈ ట్రూప్ ముందు ఓ ఎండిన వాగు లోయ. ఇరాకీ దళాలు కొన్ని ఎదురుదాడికి, కొన్ని తప్పించుకుపోవడానికి ఆ లోయ దారే పట్టాయి. టీ-72లు, పాత టీ-55 ట్యాంకులు, పదాతిని మోసే బీఎంపీ శకటాలు, ట్రక్కులు అలలు అలలుగా వచ్చాయి. చీకటి పడ్డాక కూడా ఆగలేదు. పోరు దాదాపు ఆరు గంటలు సాగింది. ఒక బ్రాడ్లీ శత్రువు దెబ్బకు పోయింది, అందులో ఒక సైనికుడు చనిపోయాడు.

ఇక్కడ బయటపడింది బ్రాడ్లీ బలహీనత. దాని టో క్షిపణి 3,750 మీటర్లు పోతుంది, టీ-72ను నిస్సందేహంగా చీలుస్తుంది. కానీ వెనక సన్నటి తీగ విప్పుకుంటూ పోతుంది కాబట్టి కొట్టేముందు బండి ఆగాలి, లాంచరు పైకి లేపాలి, క్షిపణి తగిలేదాకా గన్నర్ లక్ష్యం మీద గురి నిలిపి ఉంచాలి. చిట్టచివరి దూరానికి ఇరవై సెకన్ల దాకా పడుతుంది. లాంచరులో ఉండేవి రెండే. రెండూ అయిపోతే లోపలున్న స్కౌట్లు వెనక మూత తెరిచి పైకి చేతులు చాచి కొత్త గొట్టాలు దూర్చాలి, చుట్టూ తూటాలు ఎగురుతుండగా. ఎం3లో లాంచరుతో కలిపి మొత్తం పన్నెండు టోలు. ఎదురుగా అలలు వస్తుంటే ఈ లెక్క త్వరగా కరుగుతుంది. రాత్రి 9 గంటలకు ట్రూప్ తన టోలలో దాదాపు సగం వాడేసింది, మిగతా మందుగుండూ తగ్గింది. స్క్వాడ్రన్ (కొన్ని ట్రూపులు కలిసిన దళం) కమాండర్ ఘోస్ట్ స్థానంలోకి తన ట్యాంకు కంపెనీ హాక్‌ను పంపాడు.

ఘోస్ట్‌ను నిలబెట్టింది ఫిరంగి దళం. హోవిట్జర్ ఫిరంగుల గుండ్లు, బండి మీంచి వరుసగా పేల్చే ఎంఎల్ఆర్ఎస్ రాకెట్లు కలిపి ఆ ట్రూప్ అడిగిన మేరకు 720 దాకా పడ్డాయి. ఇసుక గాలిలో విమానాలు, హెలికాప్టర్లు ఎక్కువగా దూరంగా ఉండిపోయిన రోజున, లోయ వెనక గుమిగూడుతున్న శకటాలను చెదరగొట్టినవి ఇవే. ట్యాంకు పోరు అని పేరుపడ్డ యుద్ధంలో ఈ వాక్యం తరచూ జారిపోతుంది.

టరెట్ ఎందుకు ఎగిరింది

ఫొటోల్లో కనిపించే ఎగిరిపోయిన టరెట్లకు కారణం గుండు శక్తి ఒక్కటే కాదు. టీ-72లో గుండ్లు, మందు సిబ్బంది కాళ్ల కింద పళ్లెంలో ఉంటాయి, పళ్లెంలో పట్టనివి చుట్టూ అరల్లో. లోపలికి ఓ నిప్పుకణం చేరితే మందు అంటుకుంటుంది, ఒత్తిడికి టరెట్ మూతలా లేస్తుంది. ఎం1ఏ1లో 40 గుండ్లలో 34 టరెట్ వెనక విడి గదిలో ఉంటాయి. గదికి పైన పలచని పలకలు పెట్టారు, లోపల పేలితే అవి ఎగిరి మంటను ఆకాశంలోకి పంపుతాయి. సిబ్బందికీ మందుకీ మధ్య ఆ ఉక్కు తలుపు. ఈ ఏర్పాటుకు ఒక చిన్న షరతు ఉంది: లోడర్ తలుపు మూసి ఉండాలి. తొందరలో తలుపును తెరిచి ఉంచేసే లోడర్ ఆ రక్షణనంతా వృథా చేస్తాడు.

అమెరికన్ల ఎం829ఏ1 శూలం డిప్లీటెడ్ యురేనియంది, అంటే అణు ఇంధనం వేరుచేశాక మిగిలే బరువైన లోహానిది. కవచంలోకి దిగేటప్పుడు మొన గుండ్రబడకుండా అంచులు రాలిపోతూ వాడిగానే ఉంటుంది, లోపలికి వెళ్లాక పొడి దానంతటదే మండుతుంది. మన దేశం ఈ దారి పట్టలేదు. టంగ్‌స్టన్ మిశ్రలోహపు శూలాలు ఎంచుకుంది. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్‌ఎల్ పరిజ్ఞానంతో తిరుచిరాపల్లిలోని హెవీ అల్లాయ్ పెనెట్రేటర్ ప్రాజెక్ట్‌లో వాటిని తయారు చేస్తారు. మన టీ-72 అజేయలో కూడా అదే పళ్లెం, అవే కాళ్ల కింది గుండ్లు అన్నది ఆవడి ఫ్యాక్టరీ వాళ్లకూ, రాజస్థాన్‌లో తిరిగే రెజిమెంట్లకూ తెలిసిన సంగతే. ఎద్దుమైలారంలో తయారయ్యే బీఎంపీ-2 సారథ్ కూడా ఘోస్ట్ ముందు కాలిపోయిన బీఎంపీ-1 వంశానిదే. ఫిరంగి మారింది, పలచని కవచం మారలేదు. కాబట్టి ఈ పోరును మనవాళ్లు అమెరికా వైపు కూర్చుని చదివే అలవాటు మానుకుని, అప్పుడప్పుడూ ఇరాకీ బెటాలియన్ కమాండర్ కుర్చీలో కూర్చుని చదవడం మేలు.

ఇంధనం గురించి ఒక్క మాట. ఎం1ఏ1 టర్బైను కదలకుండా నిలబడ్డా గంటకు నలభై లీటర్ల పైచిలుకు తాగుతుంది. ట్యాంకులో పట్టేది సుమారు 1,900 లీటర్లు. గాలి ఫిల్టర్లను తరచూ తీసి దులపకపోతే ఇసుక పేరుకుని ఇంజను శక్తి పడిపోతుంది. 26వ తేదీ సాయంత్రం తొమ్మిదికి తొమ్మిది ట్యాంకులూ మిట్ట ఎక్కడం వెనక మూడు రోజుల పాటు ఆగిన ప్రతిచోటా జరిగిన ఫిల్టర్ల దులుపుడు ఉంది.

సొంత గుండు

థర్మల్ సైట్‌లో వేడి మచ్చ కనిపించే దూరం వేరు, అది ఏ బండో తెలిసే దూరం వేరు. మొదటిది రెండోదానికన్నా చాలా ఎక్కువ. ఈ సందులోనే సొంతవాళ్లు చస్తారు. సంకీర్ణ దళాల బళ్ల మీద తిరగేసిన 'వి' ఆకారపు గుర్తు వేశారు. రంగు గుర్తు పగటి కంటికి సరే, వేడి చూసే కంటికి లేనట్టే. 26న 3వ స్క్వాడ్రన్‌లో ఒక బ్రాడ్లీకి సొంతవాళ్ల గుండే తగిలింది. ఆ రాత్రి 1వ ఇన్‌ఫెంట్రీ డివిజన్ రెజిమెంటు వరుసల మధ్య నుంచి ముందుకు సాగి, నార్‌ఫోక్ అని పేరుపెట్టిన లక్ష్యం మీదికి వెళ్లాక ఇది మరీ ఎక్కువైంది. ఇరాకీ పదాతి సైనికులు భుజం మీంచి వేసిన ఆర్‌పీజీ రాకెట్లు అమెరికన్ ట్యాంకుల మీద పేలితే, ఆ మెరుపును వెనకవాళ్లు ఇరాకీ ట్యాంకులు కొడుతున్న మంటగా పొరబడ్డారు. ఆ పొరపాటుకు ఆరుగురు సైనికులు చనిపోయారు. యుద్ధం మొత్తంలో పోరులో మరణించిన 148 మంది అమెరికన్లలో 35 మంది సొంత కాల్పులకు బలైనవారే.

చీకట్లో ఒక దళం ఇంకో దళం మధ్య నుంచి దాటిపోవడం ఎడారి ట్యాంకు పోరులో అన్నిటికన్నా ప్రమాదకరమైన పని. శత్రువుతో తలపడటం దీని తరువాతే. దారులు ముందే గుర్తించి దీపాలు పెట్టాలి, ఉన్నవాళ్లు టరెట్లు ఒక దిక్కుకు తిప్పి ఉంచాలి, రెండు దళాల అధికారులు ఒకే చోట పక్కపక్కన కూర్చుని ఒకే రేడియో వినాలి. 2వ రెజిమెంటు గీతల మీదుగా ఆ దాటింపు సవ్యంగా నడిచింది. చిక్కు వచ్చింది దాటాక, ముందు ఎవరున్నారో పటం మీద కూడా తేలని చోట.

మళ్లీ ఆడి చూస్తే

యుద్ధం ముగిశాక పరిశోధకుల బృందం ఆ ఎడారికే వెళ్లి, కాలిన శకటాల స్థానాలు కొలిచి, పాల్గొన్నవారిని ఒక్కొక్కరినీ విచారించి, రేడియో టేపులతో సరిచూసి, ఈ పోరును సిమ్‌నెట్ అనే కంప్యూటర్ వ్యవస్థలో బండి బండినీ నిమిషం నిమిషానికీ తిరిగి నిర్మించింది. ట్యాంకు పోరుల్లో ఇంత వివరంగా నమోదైనది ఇంకోటి దొరకడం కష్టం. ఆ వివరాల ఆధారంగా తరువాత ఒక్కో అంశాన్ని మార్చి ఆడి చూశారు. అమెరికన్ల నుంచి థర్మల్ సైట్లు తీసేస్తే నష్టాలు ఎగబాకాయి. అది ఎవరైనా ఊహించేదే. థర్మల్ సైట్లు ఉంచి, ఇరాకీలకు మాత్రం ముందు కాపలా పెట్టి, ట్యాంకులను కట్టల వెనక కాక సరైన గోతుల్లో దింపితే? అప్పుడు కూడా అమెరికన్ ట్యాంకులు పెద్ద సంఖ్యలో కాలాయి. ఆ రెండు మార్పులకు ఇరాకీలకు కొత్త ట్యాంకు ఒక్కటీ అక్కర్లేదు. బుల్డోజరు అప్పటికే అక్కడుంది, టెలిఫోన్ తీగ చుట్ట కూడా.